నీలం కూపే చప్పుడు

కామేశ్వరరావుకు మొట్టమొదట వంకరగా కనిపించింది కరెంటు స్తంభం. లింగంపల్లిలో వాళ్ల అపార్టుమెంటు గేటుకు ఎదురుగా పదేళ్లుగా నిటారుగా నిలబడి ఉన్న స్తంభం, ఒక ఉదయం నడుము దగ్గర మెలి తిరిగి ఉంది. రాత్రి ఏ లారీయో గుద్ది ఉంటుందనుకుని వాచ్‌మన్‌ని అడిగాడు. అతను స్తంభాన్నీ, ఈయన్నీ మార్చి మార్చి చూసి, "మంచిగనే ఉంది గద సార్" అన్నాడు.

ఆ వారంలోనే కిటికీ ఊచలు వంగాయి. పేపర్లో వరసలు అలల్లా లేచాయి. మెట్ల అంచులు కాళ్ల కింద మెల్లగా ఊగడం మొదలుపెట్టాయి. ముప్పై ఆరేళ్లు రోడ్లు భవనాల శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేసి, స్కేలు లేకుండా కూడా సరళరేఖ గీయగలడని పేరు తెచ్చుకున్న మనిషి ఆయన. భయం కంటే ముందు ఆశ్చర్యం వేసింది. ఇన్నాళ్లూ బిగదీసి ఉంచిన లోకం కాస్త నడుం వాల్చినట్టుంది.

కంటి డాక్టరమ్మ పరీక్షలన్నీ చేసి, రెటీనా మధ్యలో మచ్చ పడిందంది. సూటిగా చూసింది చెరిగిపోతుందనీ, చుట్టుపక్కలది నిలుస్తుందనీ, ఇంజెక్షన్లతో ఉన్న చూపును కాపాడుకోవచ్చనీ చెప్పింది. అన్నిటికీ బుద్ధిగా తలాడించాడు. "ఇక కారు మాత్రం నడపకండి" అన్నప్పుడే ఆయన తల ఆగింది.

"ఎన్నాళ్లండీ?" అన్నాడు.

డాక్టరమ్మ కంప్యూటర్ వైపు తిరిగింది. పక్కన కూర్చున్న భార్య నాగేశ్వరి ఆయన మోచేతి మీద చెయ్యి వేసింది.

ఆ కారు మామూలు కారు కాదు. అరవై ఏడో సంవత్సరంలో తయారైన ఫోక్స్‌వ్యాగన్ కూపే, కార్మన్ గియా అంటారు దాన్ని. రెండే తలుపులు, ఒళ్లంతా నీలం, పైకప్పు తెలుపు. నదిలో పొర్లి పొర్లి నునుపు తేలిన రాయిలా, దాని ఒంటి మీద ఎక్కడా ఒక్క మూల కనబడదు. విశాఖ ఓడరేవులో పని మీద వచ్చిన ఒక జర్మన్ ఇంజనీరు వెళ్లిపోతూ వదిలేస్తే, అతనున్న బంగళా వెనక చాలా ఏళ్లు పావురాలకు ఇల్లయింది. తొంభై ఒకటిలో కాకినాడ నుంచి పనిమీద అక్కడికి వెళ్లిన కామేశ్వరరావు కంటపడింది. గీతలు గీసేవాడు కదా, ఆ వంపు చూసి అక్కడే నిలబడిపోయాడు. లారీ మీద ఇంటికి తెచ్చి, రెండేళ్లు ఒక్కో భాగమే విప్పి, కడిగి, బిగించి బతికించాడు. హైదరాబాదుకు బదిలీ అయినప్పుడు సామానంతా లారీలో, మొగుడూ పెళ్లాలు కూపేలో వచ్చారు.

అమ్మేయాలని ఆయనే అన్నాడు. కళ్లు లేని ఇంట్లో అద్దంలా దాన్ని సెల్లారులో పెట్టుకోవడం ఇష్టం లేదు. కానీ సీట్లు చినిగి ఉన్నాయి. అందుకని చందానగర్‌లో ముంబై రోడ్డు పక్కన రేకుల షెడ్డులో సీటు కవర్లు కుట్టే కొమురమ్మకు కబురు పెట్టాడు.

కొమురమ్మకు నలభై అయిదేళ్లుంటాయి. సామాను వేసుకోవడానికి సొంత ట్రాలీ ఆటో ఉంది, తనే నడుపుతుంది. సెల్లారులోకి దిగి, కారు చుట్టూ ఒక రౌండు వేసి, ముందు మూత ఎత్తి చూసి నోరు తెరిచింది.

"ఏంది సార్ గిది, ఇంజనే లేదు బండికి!"

"వెనకాల ఉంటుందమ్మా."

"గట్లనా! మరి ముంగటేముంటది?"

"పెట్రోలు ట్యాంకు, స్టెప్నీ."

"మంచిగనే ఉంది. మొత్తం ఉల్టా" అని నవ్వి, సీట్లు విప్పడానికి కూర్చుంది. లోపల కొబ్బరి పీచు కట్టలు కట్టి ఉంది. ఆ వాసనకు కామేశ్వరరావుకు కోనసీమ గుర్తొచ్చి, జర్మనీ కారులోకి కోనసీమ ఎలా వచ్చిందా అని చాలాసేపు ఆలోచించాడు. పది రోజుల్లో కొమురమ్మ కొత్త పీచు నింపి, మీగడ రంగు రెక్సిన్ వేసి, గుండ్రటి వంపుల వెంట కుట్టు ఒక్కచోట కూడా లాగకుండా సీట్లు తయారుచేసింది. ఆ కుట్టును ఆయన చూపుడు వేలితో చివరిదాకా తడిమి, "నువ్వు మా ఆఫీసులో ఉండాల్సింది" అన్నాడు.

కొనడానికి వచ్చినవాళ్లు కొనడానికి రాలేదు. ఒక జంట పెళ్లికి ముందు ఫొటోలు తీసుకోవడానికి ఒక్క పూట ఇస్తారా అంది. జూబ్లీహిల్స్‌లో కాఫీ హోటలు పెడుతున్నాయన, సగానికి కోసి కౌంటరు చేస్తానన్నాడు. కామేశ్వరరావు గేటుదాకా వెళ్లి, ఆయన బయటికి పోవడానికి తలుపు తీసి పట్టుకున్నాడు. రోజూ పొద్దున్నే మటుకు సెల్లారుకు దిగి, కారు స్టార్ట్ చేసి, పది నిమిషాలు కళ్లు మూసుకుని వినేవాడు. టపటపటపమని కుట్టు మిషన్ లాంటి చప్పుడు సెల్లారంతా నిండేది. పొగ వస్తోందని పై ఫ్లాట్లవాళ్లు అసోసియేషన్‌కు ఉత్తరం రాశారు.

మిగిలిన రెక్సిన్ ముక్కలు ఇవ్వడానికి వచ్చిన కొమురమ్మ ఇదంతా విని, "నిలబడ్డ బండిని ఎవరు కొంటరు సార్? రోడ్డు మీద తిరగాలె. నలుగురు చూడాలె" అంది.

"నడిపేదెవరమ్మా?"

"నేను లేనా! ట్రాలీ నడుపుతలేనా?"

అలా ఒక ఆదివారం, తెల్లవారుతూ ఉండగా, నీలం కూపే సెల్లారులోంచి పైకి వచ్చింది. కొమురమ్మ స్టీరింగు ముందు, కామేశ్వరరావు పక్కన. ఆ పక్క సీట్లో ఆయన కూర్చోవడం అదే మొదటిసారి. గేర్లు ఎప్పుడు మార్చాలో ఆయన ఇంజను గొంతును బట్టి చెబుతుంటే ఆమె మార్చింది. నల్లగండ్ల దాటేసరికి ఆమెకే తెలిసిపోయింది, ఆయన చెప్పడం మానేశాడు.

యూనివర్సిటీ గోడ వెనకాల నెమళ్లు అరిచాయి. గచ్చిబౌలి దగ్గర రోడ్డు ఖాళీగా, తడిగా ఉంది. సూటిగా చూస్తే ఆయనకు ఏమీ లేదు, మంచు పట్టిన అద్దం లాంటి మచ్చ. కాస్త పక్కకు చూస్తే అన్నీ ఉన్నాయి. గాజు మేడలు నీళ్లలో మునిగినట్టు నెమ్మదిగా ఊగుతున్నాయి. ఎక్కడో ముప్పయ్యో అంతస్తులో వెలుగుతున్న దీపం కింద దాకా కారి, రోడ్డు మీద పరుచుకుంది. ఫ్లైఓవరు ఎక్కుతుంటే నేల మెత్తగా పైకి లేచి వాళ్లను మోసింది. దుర్గం చెరువు వంతెన తీగలు వీణ మీటిన తర్వాత కదిలినట్టు వణికాయి. ఇక్కడి రోడ్ల నక్షాలు కొన్ని తన చేతి మీదుగా వెళ్లినవే. కాగితం మీద అవి ఇంత అందంగా లేవు. పోయేది చూపే అయితే, పోతూ పోతూ ఇంత చూపిస్తోందా అనుకున్నాడు.

వెనక్కి తిరిగి నానక్‌రాంగూడ దాటారు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో వెడల్పు రోడ్డు మీద ఉండగా ఆయన ఒక్కసారి నిటారుగా కూర్చున్నాడు.

"ఆపమ్మా. ఇంజను కట్టెయ్యి."

"ఏమైంది సార్?"

"ఫ్యాను గాలి చప్పుడు పోయింది."

"అవ్ సార్, ఎర్రలైటు గూడ పడ్డది!"

ఈ ఇంజనుకు నీళ్లు ఉండవు, గాలితోనే చల్లబడాలి. ఫ్యాను తిప్పే బెల్టు తెగితే ఒక్క కిలోమీటరు నడిపినా కాలిపోతుంది. ముందు మూత కింద పాత పంచెలో చుట్టి పెట్టిన కొత్త బెల్టు, రెండు స్పానర్లు, ఒక స్క్రూడ్రైవరు ఎప్పుడూ ఉంటాయి. కామేశ్వరరావు వెనకమూత ఎత్తి, వేడి కాస్త తగ్గేదాకా ఆగి, రెండు చేతులూ లోపలికి పెట్టాడు. స్క్రూడ్రైవరును పుల్లీ గాడిలో దించి పట్టుకుని, కొమురమ్మ చేత స్పానరు మీద బరువు వేయించాడు. నట్టు కిర్రుమని వదిలింది. పుల్లీ రెండు పలకలుగా విడింది. మధ్యలో ఉన్న వాషర్లను వేలికొసలతో లెక్కపెట్టి, బిగువు కుదిరేలా రెండు తీసి బయటివైపు వేసి, బెల్టు ఎక్కించి నట్టు బిగించాడు.

అప్పుడు ఒక సైకిలు వచ్చి పక్కన ఆగింది. హెల్మెట్ పెట్టుకున్న అమ్మాయి దిగి, ఆయన చేతుల వైపు వంగి చూసింది.

"మీరు చూడకుండానే చేస్తున్నారే అంకుల్!" అంది.

"చూస్తే కనబడదమ్మా" అన్నాడాయన, బొటనవేలితో బెల్టును నొక్కి చూసుకుంటూ. వేలి మందం లోపలికి పోయింది. సరిపోయింది.

ఆ అమ్మాయి పేరు మౌనిక. వాళ్లది ప్రొద్దుటూరు. ఎనిమిదేళ్లు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసి మానేసి, కొండాపూర్‌లో ఇద్దరు స్నేహితులతో చిన్న వర్క్‌షాపు పెట్టిందట. ఇంజను మళ్లీ టపటపమని అందుకోగానే ఆమె ముఖం మీదికి నవ్వు రావడం కామేశ్వరరావుకు కనబడలేదు, కానీ "అబ్బ!" అనడం వినబడింది.

"అమ్ముతున్నరు" అంది కొమురమ్మ, ఎవరూ అడగకుండానే. "సీట్లు నేనే కుట్టిన."

ఆ బుధవారమే మౌనిక ఇంటికి వచ్చింది. నాగేశ్వరి ఇచ్చిన పెసరట్టు తిని, చేతులు కడుక్కుని, దాచకుండా చెప్పింది. "అంకుల్, నేను కొనేది నా కోసమే. కానీ ముందే చెబుతా. నేను దీన్లో ఇంజన్ తీసేసి, మోటరు, బ్యాటరీ పెడతా. మా షాపులో చేసేది అదే."

కామేశ్వరరావు తన పళ్లెం పక్కకు జరిపాడు. "అంటే చప్పుడు చెయ్యదా?"

"చెయ్యదు అంకుల్."

"ఇంజను నేను మూడుసార్లు విప్పి కట్టాను. ఇంకో పదేళ్లు నడుస్తుంది."

"మూడో సిలిండర్ నీరసంగా ఉండాది కదా? ఆ రోజే విన్నా" అంది మౌనిక నెమ్మదిగా. "దాన్ని కప్పి పెట్టుకుని నెలకోసారి తుడుచుకోవాలని లేదు అంకుల్ నాకు. రోజూ పనికి ఏసుకుని పోవాలని ఉండాది. వానలో, ట్రాఫిక్‌లో, అన్నిట్లో. ఈ ఇంజన్‌తో అయితే అది కుదరదు, మీకు నాకంటే బాగా తెలుసు."

తెలుసు. అందుకే కోపం వచ్చింది. ఆలోచించి చెబుతానన్నాడు, ఆలోచించలేదు. రెండు రోజులు సెల్లారులో పది నిమిషాలు కాస్తా అరగంటైంది. అసోసియేషన్ సెక్రటరీ స్వయంగా దిగి వచ్చి దండం పెట్టాడు.

శుక్రవారం మధ్యాహ్నం నాగేశ్వరి బియ్యం ఏరుతూ, తల ఎత్తకుండానే అడిగింది. "ఏమండీ, రోజూ కిందకెళ్లి ఏం చేస్తారు మీరు?"

"ఏం చేస్తాను, వింటాను."

"తలుపు తుడుస్తారా? స్టీరింగు పట్టుకుంటారా?"

"లేదే."

"మరి మీకు కావలసింది ఇంజను కదండీ. కారెందుకు?"

నాగేశ్వరి చేటలో రాయి ఏరి పక్కన పెట్టింది. "ఆ పిల్లకు కారు కావాలి, ఇంజను అక్కర్లేదు. మీకు ఇంజను కావాలి, కారు అక్కర్లేదు. ఇందులో అంత దిగులేముందో నాకైతే తెలియడం లేదు."

మౌనికకు ఫోన్ చేసి, కారు ఆమెకు, ఇంజను తనకు అని చెప్పాడు. "అట్ల ఎవరూ అడగలేదు అంకుల్ ఇంతవరకు" అని, "ఆర్టీవో కాగితాలు నేను చూసుకుంటా" అంది.

ఇంజను దింపడం కొమురమ్మ షెడ్డులోనే జరిగింది. ఎంత కారైనా ఇంజనును దానికి పట్టి ఉంచేవి నాలుగు బోల్టులే. మూడు తేలిగ్గా వచ్చాయి. నాలుగోదాన్ని కామేశ్వరరావే కారు కింద వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని విప్పాడు. జాకీ మీద ఇంజను వెనక్కి జరిగి, ఒక్కసారి ఊగి, కిందికి దిగింది. బరువు పోయిన కారు వెనకభాగం పైకి లేచింది, నిద్ర మధ్యలో ఎవరో పిలిచినట్టు. నలుగురు కలిసి కారును మౌనిక తెచ్చిన పెద్ద బండి మీదికి ఎక్కించారు. చక్రాలు తిరిగిన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. కామేశ్వరరావు దాని వైపు తిరగలేదు, ఇంజను పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని దాని మీది మట్టి గుడ్డతో తుడుస్తున్నాడు.

పక్క లేతు షాపు రామన్న, ఇంజను కొమురమ్మ షెడ్డులోనే ఉండేలా ఇనుప స్టాండు వెల్డింగు చేసి ఇచ్చాడు. స్టార్టరు బిగించడానికి పాత గేర్‌బాక్సు ముక్క ఒకటి సికింద్రాబాద్ నుంచి తెచ్చాడు. ఆ తర్వాత వారానికి మూడు సాయంత్రాలు కామేశ్వరరావు లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలు ఎక్కి, ఒక్క స్టేషను ప్రయాణం చేసి చందానగర్‌లో దిగేవాడు. ముంబై రోడ్డు హోరులో ఇంజను చప్పుడు ఎవరికీ పట్టేది కాదు. స్టార్ట్ చేసి, వింటూ కూర్చునేవాడు. కొమురమ్మ మిషను కుడుతూ ఉండేది. ఒక్కోసారి రెండు చప్పుళ్లూ ఒకే లయలో పడేవి. చల్లారాక ఆయన వాల్వుల సందులు సరిచేసేవాడు. వెంట్రుక మందం సందు, కొలిచే ఇనుప రేకు లోపల పెడితే వెన్నలో కత్తిలా కాకుండా, కొత్త పుస్తకంలో కాగితంలా జరగాలి. "ఎప్పుడు సూసినా విప్పుతవు, బిగిస్తవు. బాగైంది సార్ ఇగ, ఇడిచిపెట్టు" అని నవ్వేది కొమురమ్మ. చూపు ఇంకొంచెం తగ్గింది. ఇంజెక్షన్ల తరవాత అక్కడే ఆగింది.

వానాకాలం పోయి చలి మొదలైంది. ఒక ఆదివారం పొద్దున మౌనిక ఫోన్ చేసి, ఆంటీని కూడా తీసుకుని కిందికి రమ్మంది. ఇద్దరూ గేటు దగ్గర నిలబడ్డారు. కామేశ్వరరావు చెవులు రిక్కించి వింటున్నాడు.

"ఇంకా రాలేదేంటి?" అన్నాడు.

"మీ ముందే ఉందండీ" అంది నాగేశ్వరి.

చెయ్యి చాచాడు. తలుపు అంచు, దాని వంపు, చలికి చల్లబడిన రేకు. నిజంగానే అక్కడే ఉంది. గుండెలో ఎక్కడో కొంచెం నొచ్చింది. కారు పిల్లిలా వచ్చింది, తనను పిలవకుండా వచ్చింది.

ముందు సీటులో ఆయన్ని కూర్చోబెట్టి, పేరుకే సీటు అనదగ్గ వెనక సీటులో నాగేశ్వరి మోకాళ్లు ముడుచుకుని సర్దుకుంది. మౌనిక నడిపింది. కారు కదిలిన సంగతి ఆయనకు గాలి వల్ల తెలిసింది. కాసేపటికి చప్పుళ్లు ఒక్కొక్కటే బయటపడ్డాయి. టైర్ల కింద ఇసుక. తలుపు అద్దం గుసగుస. ఎవరింట్లోనో కుక్కరు ఈల. ముప్పై మూడేళ్లు ఈ కారు తనకు వినిపించని ప్రపంచం అంతా ఇప్పుడు లోపలికి వస్తోంది.

అన్నిటికంటే దగ్గరగా, ఆయన చెవి వెనకనుంచే, నాగేశ్వరి గొంతు. "ఎడమపక్క కొత్త మేడ లేస్తోందండీ. క్రేను మీద కొంగ కూర్చుంది. ఇక్కడ పూల బండి. బంతిపూలు, తెల్ల చామంతులు."

"ఎప్పుడు నేర్చుకున్నావు ఇలా చెప్పడం?" అన్నాడు.

"ఎప్పుడూ చెబుతూనే ఉన్నానండీ. కాకినాడ నుంచి వచ్చిన రోజు కూడా దారి పొడుగునా చెప్పాను. ఆ ఇంజను గోలలో మీకు వినబడేది కాదు. మీరు తల ఊపేవారు."

"వినబడలేదని అప్పుడే అనకపోయావా?"

"మొదట్లో బాధేసేది. తర్వాత్తర్వాత అదే బాగుండేది. ఇంట్లో అనలేనివి కూడా ఇందులో కూర్చుని అనేసేదాన్ని."

"ఏమనేదానివి?"

మౌనిక రోడ్డు మీదే చూపు నిలిపి, తను అక్కడ లేనట్టు నడుపుతోంది.

"చాలా ఉన్నాయి లెండి" అంది నాగేశ్వరి. "సామర్లకోట రోడ్డు మీద ఒకసారి, నాకూ నేర్పించండి, నేనూ నడుపుతాను అన్నాను. మీరు తల ఊపారు. నిజంగానే నేర్పుతారేమోనని వారం రోజులు చూశాను."

కామేశ్వరరావుకు ఆ రోడ్డు గుర్తుంది, ఆ రోజు కార్బురేటరు ఇబ్బంది పెట్టడం గుర్తుంది. ఆమె మాట మాత్రం గుర్తు లేదు. మౌనిక వైపు తిరిగి, "అమ్మా మౌనికా, దీనికి క్లచ్ ఉందా?" అన్నాడు.

"తొక్కాల్సిన పని లేదు అంకుల్. ఒకే గేర్‌లో పోతుంది."

"ఎక్కడైనా ఖాళీ స్థలం ఉందా?"

తెల్లాపూర్ దాటాక ప్లాట్లు వేసి వదిలేసిన లేఅవుట్ ఒకటి ఉంది. రోడ్లున్నాయి, ఇళ్లు లేవు, మనుషులు లేరు. ఒక మూల నాలుగు గేదెలు మాత్రం గడ్డి మేస్తున్నాయి. మౌనిక దిగి, నాగేశ్వరిని స్టీరింగు ముందు కూర్చోబెట్టి, కుడికాలి కింద ఏది ఏమిటో చెప్పి, తాను వెనక్కి ఎక్కి ఇరుక్కుంది. అరవై మూడేళ్ల నాగేశ్వరి చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, స్టీరింగును రెండు చేతులతో చెంబు పట్టుకున్నట్టు పట్టుకుంది.

కారు ఒక్కసారి ముందుకు దూకి ఆగింది. మళ్లీ దూకి ఆగింది. మూడోసారి, చప్పుడు లేకుండా, మెల్లగా సాగింది. ఎండలో పొగమంచు విడుతోంది. కామేశ్వరరావు చూపు చివర గడ్డి, నీలం ఆకాశం, తెల్లటి హద్దురాళ్లు ఒకదాని వెనక ఒకటి తేలి వెళ్లిపోతున్నాయి. భార్య గట్టిగా ఊపిరి తీసుకోవడం వినబడుతోంది. ఆమె ఏమీ చెప్పడం లేదు. ఆయనే ఉండబట్టలేక, "ముందేముంది?" అని అడిగాడు.

"ఉండండి, మాట్లాడించకండి" అంది నాగేశ్వరి. "నేను నడుపుతున్నాను."